విప్పకముందే పట్టుకోవాలి

గుంటూరు నుంచి నారాకోడూరు, చేబ్రోలు, పొన్నూరు మీదుగా బాపట్ల వెళ్ళే రోడ్డు నల్లరేగడి మీద పడుకుని ఉంది. ఆ నేల వానాకాలం నీళ్ళు తాగి ఉబ్బుతుంది, ఎండాకాలం నెర్రెలిచ్చి కుంగుతుంది. ఆ ఉబ్బూ కుంగూ తారు మీదికి వచ్చేస్తాయి. ఎదురుగా వడ్ల ట్రాక్టరో లారీయో వస్తే ఎడమ చక్రాన్ని తారు దింపక తప్పదు. మళ్ళీ ఎక్కించేటప్పుడు అంచు దెబ్బ నేరుగా లోయర్ ఆర్మ్‌కి, దాని చివరున్న బాల్ జాయింట్‌కి తగులుతుంది. తెనాలి, రేపల్లె వైపు కాలవగట్ల రోడ్లదీ ఇదే తీరు. ఇలాంటి చోట పాతికేళ్ళు దాటిన బెంజి కారు తిరుగుతుంటే దాని ముందు భాగం ఎప్పుడో ఒకప్పుడు మోగక మానదు. మోగుతున్నది ఏ జాయింటో ఒక్క బోల్టు కూడా విప్పకుండా తేల్చే విద్య మన మెకానిక్ షెడ్లలో ఉంది. అంబాసిడర్ల కింద, లారీల కింద వెల్లకిలా పడుకుని నేర్చుకున్న విద్య అది. విజయవాడ జవహర్ ఆటోనగర్‌లో, గుంటూరు ఆటోనగర్‌లో, ఊరూరా రోడ్డు పక్క రేకుల షెడ్లలో మేస్త్రి నుంచి కుర్రాడికి అందుతూ వచ్చింది.

మెర్సిడెస్ బెంజ్ మన దేశంలో కార్ల తయారీ మొదలుపెట్టింది 1995లో, పుణెలో, టెల్కోతో కలిసి. తొలి బండి డబ్ల్యూ124 తరం ఈ-క్లాస్. గట్టి బండి. దాని ముందు భాగం కట్టుబడి తెలియకుండా చెయ్యి పెడితే మాత్రం దారి తప్పుతాం. మారుతి 800లో స్ప్రింగు స్ట్రట్ చుట్టూ ఉంటుంది, కింది బాల్ జాయింటు బండి బరువు మొయ్యదు. ఈ బెంజిలో స్ప్రింగు విడిగా లోయర్ ఆర్మ్ మీద కూర్చుంటుంది. బరువంతా స్ప్రింగు నుంచి ఆర్మ్‌కి, ఆర్మ్ నుంచి బాల్ జాయింట్ మీదుగా చక్రానికి దిగుతుంది. జాకీ ఎక్కడ పెట్టాలన్నది ఈ తేడాని బట్టే ఉంటుంది.

అసలు పరీక్ష ఓనరు మాటలతో మొదలవుతుంది. ‘మోగుతోందండీ’ అంటే మేస్త్రికి చాలదు. స్పీడ్ బ్రేకర్ ఎక్కేటప్పుడా, దిగేటప్పుడా? బండి ఆగి ఉండగా స్టీరింగు తిప్పితే వస్తుందా? బ్రేకు తొక్కగానే ఒక్కసారి దబ్బుమని ఊరుకుంటుందా? ఫలానా స్పీడులో స్టీరింగు వణికి, ఆ స్పీడు దాటాక తగ్గుతుందా? ఈ చివరిది చాలావరకు వీల్ బ్యాలెన్సింగ్ తేడా, ముందు అది చూసుకుంటే సగం ఖర్చు తప్పుతుంది. బ్రేకుకి ఒక్క దెబ్బ అంటే లోయర్ ఆర్మ్ బుష్‌ల మీద అనుమానం. ఆగి ఉన్న బండిలో స్టీరింగు తిప్పితే టంగుమంటే బానెట్ ఎత్తి, స్ట్రట్ పైనుండే రబ్బరు మౌంటు మీద అరచెయ్యి పెట్టి మళ్ళీ తిప్పించాలి. శబ్దం ఇనుములో పాకుతుంది, కుడి పక్క విన్నది ఎడమ పక్క పుట్టినది కావచ్చు. అందుకే చెవి చెప్పినదాన్ని చేత్తో సరిచూసుకోవాలి.

తర్వాత టైరు. గుండీలు రెండంచులా అరిగితే గాలి తక్కువ, నడుమ అరిగితే గాలి ఎక్కువ. లోపలి అంచు ఒక్కటే నున్నగా పోతే చక్రం వాలు మారిందని అర్థం. అరచెయ్యి టైరు మీద అడ్డంగా అటూ ఇటూ నిమిరితే ఒక వైపు మెత్తగా జారి, తిరుగు వైపు గరుకుగా తగులుతుంది కొన్నిసార్లు. అంటే చక్రం నేరుగా దొర్లకుండా పక్కకి ఈడ్చుకుపోతోంది, టో పోయింది. అక్కడక్కడా గుంటలు పడి ఉంటే షాకబ్జర్‌ని చూడాలి. మడ్‌గార్డు మీద బరువంతా వేసి నొక్కి వదిలితే బండి ఒక్క ఊపుతో నిలవాలి. ఇంత బరువైన కారులో సగం చచ్చిన షాకబ్జర్ కూడా ఈ పరీక్ష దాటేస్తుంది కాబట్టి, నూనె కారిన జాడ కూడా చూసుకోవాలి.

ఈ విద్యలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఇద్దరు కలిసి చేసే పరీక్ష. బండి చక్రాల మీదే, ర్యాంపు మీదో గుంట మీదో నిలబడి ఉంటుంది. ఇంజను ఆన్‌లో, కుర్రాడు స్టీరింగు దగ్గర, మేస్త్రి కింద.

‘అంత తిప్పకురా, వేలెడు చాలు.’

‘ఇంతేనా బాబాయ్?’

‘అంతే. అటూ ఇటూ ఆడించు, ఆపకు.’

స్టీరింగు అలా ఆడుతుంటే మేస్త్రి స్టీరింగు బాక్సు దగ్గర మొదలుపెట్టి వరసగా ఒక్కో జాయింటునీ గుప్పిట్లో పట్టుకుంటాడు. డ్రాప్ ఆర్మ్, సెంటర్ లింకు, ఐడ్లర్ ఆర్మ్, టై రాడ్ ఎండ్లు. జాయింటుకి అటున్న ముక్క కదిలి, ఇటున్నది క్షణం ఆలస్యంగా కదిలితే వేళ్ళకి చిన్న తట్టు తగులుతుంది. కంటికి ఆనని ప్లే అది. ఐడ్లర్ ఆర్మ్ దగ్గర ఎక్కువసేపు ఆగాలి. ఈ కారులో దాని బుష్‌లు చిన్నవి, చవకవి. అవి అరిగితే స్టీరింగు బాక్సే పోయినట్టు అనిపిస్తుంది. తొందరపడ్డవాళ్ళు బాక్సు మీది స్క్రూ బిగించి ప్లే తగ్గించామనుకుంటారు. అప్పుడు స్టీరింగు నడిమధ్యలో పట్టేసి, మలుపు తిరిగాక తనంతట తాను వెనక్కి రాదు. ఉన్న జబ్బు అలాగే ఉంటుంది, బాక్సు కూడా చెడుతుంది.

ఇప్పుడు జాకీ. బాడీ కింద పెట్టి ఎత్తితే చక్రం వేలాడుతుంది గానీ, స్ప్రింగు ఆర్మ్‌ని కిందికి నెడుతూనే ఉంటుంది. ఆ నెట్టుడుకి బాల్ జాయింటు బిగిసిపోయి అరుగుదల దాక్కుంటుంది. లోయర్ ఆర్మ్ కిందే, బాల్ జాయింట్‌కి దగ్గరగా జాకీ ఆనించి, టైరు నేల నుంచి కాస్త లేచేదాకా ఎత్తి, పక్కన స్టాండు వెయ్యాలి. స్ప్రింగు బరువు జాకీ మీదికి పోతుంది, జాయింటు వదులవుతుంది. అప్పుడు టైరు కింద పలుగు పెట్టి మెల్లగా పైకి లేపితే, జాయింటు పోయినచోట ‘టక్’ మంటుంది. తర్వాత టైరుని పైనా కిందా పట్టుకుని ఊపాలి. ఊగితే కుర్రాణ్ణి బ్రేకు తొక్కమనాలి. ఊగుడు పోతే తప్పు హబ్ బేరింగుది, పోకపోతే బాల్ జాయింటుది. ఎడమా కుడీ పట్టుకుని ఊపితే తగిలేది ఎక్కువగా టై రాడ్ ఎండ్ల ప్లే. బేరింగుకీ జాయింటుకీ తేడా తేల్చడానికి ఒక్క బ్రేకు పెడలు చాలునని మొదట కనిపెట్టిన మేస్త్రి ఎవరో గానీ, చేతులెత్తి దండం పెట్టాలి.

బుష్‌ల పరీక్షకి పలుగుతో పాటు కళ్ళు కూడా కావాలి. నడక వేగంతో బండిని ముందుకీ వెనక్కీ పోనిస్తూ బ్రేకు కొట్టమని, బయట నిలబడి చక్రాన్ని చూడాలి. మడ్‌గార్డు గూడులో చక్రం వెనక్కో ముందుకో జరిగితే రబ్బరు చచ్చినట్టే.

ఇంత శ్రమ ఎందుకు, ముందు భాగమంతా కొత్త సెట్టు వేసేద్దామనే మాట ఈ మధ్య ఎక్కువగా వినపడుతోంది. ఆ మాటతో నాకు పేచీ ఉంది. పాత బండికి దొరికే సామానంతా ఒక నాణ్యంతో ఉండదు. ఇంకా బాగున్న ఒరిజినల్ బుష్ పీకి, నాసిరకం రబ్బరు నొక్కితే బండి ముందుకన్నా అధ్వానం అవుతుంది. కంప్యూటర్ అలైన్‌మెంట్ యంత్రం కోణం ఎంతుందో చెబుతుంది, ఏ జాయింటు వదులైందో అది చెప్పదు. వదులు జాయింటు మీద తీసిన కోణం రోడ్డెక్కగానే మారుతుంది. అరిగినదాన్ని ముందు పట్టుకుంటే ఓనరు డబ్బూ, బండిలో కూర్చున్నవాళ్ళ ప్రాణమూ రెండూ నిలుస్తాయి. బాల్ జాయింటు ఊడితే చక్రం మడతపడి బండి అక్కడికక్కడ కూలబడుతుంది.

మంచి మేస్త్రి తీసిన జాయింటుని వెంటనే పాత ఇనుములో వెయ్యడు. కుర్రాడి చేతిలో పెట్టి ఆడించమంటాడు, పక్కనే కొత్తది ఇస్తాడు. ఆ రెంటి తేడా చేతికి పట్టాలి. ఆ తర్వాత అది ఎటుపోయినా ఫరవాలేదు, విగ్రహంలోకి పోయినా సరే. ఆటోమొబైల్ తుక్కుతో నిలువెత్తు విగ్రహాలు చేసే సూర్య శిల్పశాల తెనాలిలోనే ఉంది.

విప్పి బిగించడంలో రెండు జాగ్రత్తలున్నాయి. షాకబ్జర్ స్ట్రట్ విప్పేముందు లోయర్ ఆర్మ్ కింద జాకీ ఆన్చి తీరాలి. స్ట్రట్ ఊడగానే ఆర్మ్ కిందికి పడి స్ప్రింగు ఎగిరితే మనిషి దక్కడు. స్ప్రింగే తియ్యాలంటే సరైన కంప్రెసర్ లేకుండా ముట్టుకోకూడదు. రెండోది, ఆర్మ్ బోల్టులు ఈ బండిలో ఎక్సెంట్రిక్కులు, చక్రం వాలు సరిచేసేది వాటితోనే. విప్పేముందు అవి ఉన్న తీరుకి గుర్తు గీసుకోవాలి. కొత్త బుష్‌లు వేశాక చక్రాలు వేలాడుతుండగా చివరి బిగింపు బిగిస్తే, బండి దిగగానే రబ్బరు మెలిపడి కొద్ది నెలల్లోనే చిరుగుతుంది. నేల మీదికి దించి, నాలుగుసార్లు నొక్కి వదిలి, బండి తన ఎత్తులో కుదురుకున్నాక బిగించాలి. అప్పుడు పొన్నూరు దాకా ఒక చుట్టు తిప్పి తెచ్చి, అలైన్‌మెంట్‌కి పంపాలి.