వెనక వచ్చిన కొమ్ములు

తలుపు తెరుచుకుంటుంది. ఒక భారీ ఆకారం మనకు వీపు చూపిస్తూ, వెనక్కి అడుగులేస్తూ గదిలోకి వస్తుంది. మెల్లగా ఇటు తిరుగుతుంది. ఆ ముఖాన్ని కెమెరా మూడు షాట్లలో చూపిస్తుంది: దూరంగా, దగ్గరగా, మరీ దగ్గరగా. నేపథ్య సంగీతం లేదు. 1931లో జేమ్స్ వేల్ తీసిన 'ఫ్రాంకెన్‌స్టైన్'లో బోరిస్ కార్లాఫ్ ప్రవేశం ఇది.

ఇలాంటి క్షణం ఏ హారర్ సినిమాకైనా ఒక్కసారే దొరుకుతుంది. రెండో భాగం వచ్చేసరికి ఆ ముఖం అందరికీ తెలిసిపోయి ఉంటుంది. అందుకే చాలా సీక్వెళ్లు చావుల లెక్క పెంచి, రక్తం ఎక్కువ పారించి, అదే భయాన్ని మళ్లీ అమ్ముకోవాలని చూస్తాయి. నాలుగేళ్ల తర్వాత, 1935లో, వేల్ ఆ దారిలో వెళ్లలేదు. 75 నిమిషాల 'బ్రైడ్ ఆఫ్ ఫ్రాంకెన్‌స్టైన్' మొదటి సినిమాను మించిందని నేను గట్టిగా నమ్ముతాను. మించింది భయంలో కాదు, జాలిలో.

దానికి మూలం మేరీ షెల్లీ 1818 నాటి నవల్లోనే ఉంది. అందులో ఫ్రాంకెన్‌స్టైన్ అనే మనిషి చేసిన జీవి చక్కగా మాట్లాడుతుంది, గుడ్డి ముసలాయన ముందు కూర్చుని గోడు వెళ్లబోసుకుంటుంది, తనకొక జోడీని చేసిపెట్టమని అడుగుతుంది. మొదటి సినిమా ఈ మూడింటినీ వదిలేసింది. రెండోది ఆ బాకీ తీర్చింది. తొలి సన్నివేశంలో, ఉరుములు మెరుపుల రాత్రి, మేరీ షెల్లీయే వచ్చి కథ ఇంకా అయిపోలేదని చెబుతుంది. ఆ పాత్ర వేసిన ఎల్సా లాంచెస్టరే చివర్లో వధువు కూడా. కథను కన్న తల్లికీ, కథలో ఆఖరున పుట్టే ఆడదానికీ ఒకే ముఖం.

సినిమాకు గుండెకాయ అడవిలోని గుడిసె. ఊరంతా తరుముతుంటే పారిపోతున్న ఆ జీవికి వయొలిన్ వినిపిస్తుంది. వాయిస్తున్న ముసలాయనకు చూపు లేదు, కాబట్టి భయమూ లేదు. గాయం తడిమి చూస్తాడు, అన్నం పెడతాడు, పడుకోబెడతాడు. తనకొక తోడును పంపినందుకు దేవుడికి దండం పెట్టుకుంటూ ఏడుస్తాడు. వాడి చెంప మీదా ఒక కన్నీటి చుక్క జారుతుంది. వాడి పెద్ద చెయ్యి మెల్లగా లేచి ముసలాయన భుజం తడుతుంది. తెర నల్లబడుతుండగా గోడ మీది శిలువ ఒక్కటే కాసేపు వెలుగుతూ ఉండిపోతుంది.

ఆ గుడిసెలోనే వాడు రొట్టె, స్నేహితుడు, మంచి, చెడు అనే మాటలు నేర్చుకుంటాడు. వాడిచేత మాట్లాడించడం కార్లాఫ్‌కు ఇష్టం లేదు. మొదటి సినిమాలో ఆయన తన కట్టుడు పళ్లు తీసేసి బుగ్గను లోపలికి పీక్కుపోయినట్టు చూపించాడు. ఈసారి మాట కోసం పళ్లు పెట్టుకోక తప్పలేదు. దాంతో ముఖం కాస్త నిండుగా కనిపిస్తుంది, ఆ శవకళ తగ్గింది. అయినా ఇది మంచి బేరమే. పోయింది బుగ్గ మీది నీడ, వచ్చింది ఒంటరితనాన్ని చెప్పుకోవడానికి నోరు.

ఇక వధువు పుట్టుక. ఫ్రాంజ్ వాక్స్‌మన్ సంగీతంలో డోలు గుండె చప్పుడులా మోగుతూ ఉంటుంది. జాన్ మెస్కాల్ కెమెరా పక్కకు ఒరుగుతుంది, ముఖాల మీద వెలుగు కింది నుంచి పడుతుంది. షాట్లు పొట్టివవుతూ పోతాయి. కట్ల సందులో రెండు కళ్లు తెరుచుకుంటాయి. తర్వాత ఆమె నిలబడుతుంది: తెల్లటి గౌను, నిక్కబొడుచుకున్న జుట్టు, రెండు పక్కలా మెరుపుల్లా తెల్లని పాయలు. ఆర్కెస్ట్రాలో పెళ్లిగంటలు మోగుతాయి. లాంచెస్టర్ తలను పక్షిలా చటుక్కున అటూ ఇటూ తిప్పుతుంది. బుస కూడా కొడుతుంది. ఆ బుసను హంసల దగ్గర నేర్చుకున్నానని ఆమే చెప్పింది. వధువుగా తెర మీద ఆమె ఉండేది కొద్ది నిమిషాలే, మాట ఒక్కటీ లేదు.

తెలియని ముఖం అనే వరాన్ని వేల్ రెండోసారి ఇలా సంపాదించాడు. కానీ ఈసారి ఆ ముఖాన్ని చూసి భయపడేది మనం కాదు. వాణ్ని చూసి ఆమే కెవ్వుమంటుంది. వాడు గుడిసెలో నేర్చుకున్న మాటతో, స్నేహితురాలివా అన్నట్టు ఆశగా అడుగుతాడు. జవాబుగా అరుపు. ఆ మాట నేర్పకపోయి ఉంటే ఈ అరుపు మనకింత గుచ్చుకునేది కాదు. భవనాన్ని కూల్చే మీట లాగే ముందు వాడు తనను చేసిన మనిషినీ, అతని భార్యనూ వెళ్లి బతకమంటాడు. వాడి కంట్లోంచి నీటిచుక్క జారుతుంది.

ముందొచ్చిన చెవుల కన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అంటారు. ఈ సినిమా విషయంలో అది నూటికి నూరుపాళ్లు నిజం. అయితే కొమ్ములు మొలిచింది ఆ చెవులున్న తల మీదే. 1931లో మాట రాక చేతులు చాచి నిలబడ్డవాణ్ని చూసినవాళ్లకే, 1935లో వాడి మొదటి మాట విలువ తెలుస్తుంది.