ఉప్పు పట్టకముందే

మహమ్మద్‌నగర్ లాంటి పల్లెటూళ్లో మేకను కోస్తే తోలుకు వెంటనే ఉప్పు పట్టించాల్సిందే. లేకుంటే దూరపు ఫ్యాక్టరీకి చేరేలోపు కుళ్లిపోతుంది. తోలు బరువులో దాదాపు 40 శాతం ఉప్పు! తోలు పరిశ్రమ కాలుష్యం అనగానే అందరూ క్రోమియం గురించే మాట్లాడతారు. తోలు పదును చేయడానికి మామూలు పద్ధతిలో వేసిన క్రోమియంలో తోలు పట్టుకునేది 60-70 శాతమే కాబట్టి ఆ భయం న్యాయమైనదే. తోలు ఫ్యాక్టరీల వల్ల తమిళనాడులోని పాలారు తీరం పడ్డ బాధ 1996లో సుప్రీంకోర్టు తీర్పు దాకా వెళ్లింది. అయినా నన్ను ఎక్కువ కలవరపెట్టేది ఉప్పే. తోలును తొలిసారి కడగగానే అది నీళ్లలో కలుస్తుంది. మళ్లీ విడదీయాలంటే ఆ నీళ్లను ఆవిరి చేయాలి, దానికి బోలెడంత ఇంధనమో ఎండో కావాలి.

ఒలిచిన రోజే తోలు పనిలోకి దిగితే ఆ ఉప్పే అక్కర్లేదు. ఒకప్పుడు మన మాదిగవాడల్లో లంద, అంటే తోళ్లు నానబెట్టే తొట్టి, ఊరి పక్కనే ఉండేది. మోట బొక్కెనలకు, చెప్పులకు కావాల్సిన తోలు తంగేడు బెరడుతో అక్కడే పదునయ్యేది. ఆ పనిలోని క్రమం చూడండి. సున్నంలో నానబెట్టి వెంట్రుకలు తీసిన తోలును చిక్కటి బెరడు రసంలో ముందే వేయరు. వేస్తే పైపొర బిగుసుకుపోతుంది, లోపల పచ్చిగానే మిగులుతుంది. వేరే తోళ్లకు వాడి పలచబడ్డ పాత రసంతో మొదలుపెట్టి, మెల్లగా చిక్కటి దాంట్లోకి మారుస్తారు. పాత రసం వృథా పోదు. వేడినీళ్లూ కరెంటూ అవసరం లేదు, వారాల ఓపిక మాత్రం కావాలి.

అలాగని ఈ పద్ధతిలో హానే లేదని కాదు. తంగేడు రసమైనా చెరువులో కలిస్తే నీటిలోని ప్రాణవాయువు తగ్గి చేపలు చస్తాయి. మొదలు చుట్టూ బెరడు ఒలిస్తే పొదే ఎండిపోతుంది, కొమ్మలు కోసి తీసుకోవాలి. సున్నం నీళ్లకూ దారి చూడాలి. సున్నం బదులు ఎంజైములతో వెంట్రుకలు తీసే పద్ధతిని చెన్నైలోని కేంద్ర తోలు పరిశోధన సంస్థ తయారుచేసింది. నీళ్లు పోయకుండా క్రోమ్ పట్టించే పద్ధతీ దానిదే. ఈ విద్యలు పెద్ద ఫ్యాక్టరీలకే ఎందుకు పరిమితం కావాలి?

మండలానికో చిన్న తోలు పదును కేంద్రం పెట్టవచ్చు. అయితే కులం పేరు చెప్పి ఎవరినీ మళ్లీ లందలోకి దించకూడదు. ఈ పని చేసినందుకే తరతరాలుగా మాదిగలను ఊరవతల ఉంచాం. పని తెలిసిన పెద్దలు గురువులుగా రావాలి, జీతం తీసుకోవాలి. నేర్చుకోవాలనుకున్న ఏ కులం పిల్లలైనా చేతికి తొడుగులు వేసుకుని వాళ్ల దగ్గర కూర్చోవాలి.