సికిల్‌సెల్ ‘నిర్మూలన’: ఒక విమర్శనాత్మక పరిశీలన

సికిల్‌సెల్ రక్తహీనత వంశపారంపర్యంగా ఎలా వస్తుందో ఇంతకుముందు భాగంలో తెలుసుకున్నారు. తల్లిదండ్రులిద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకు వ్యాధి వచ్చే అవకాశం 25 శాతం, బిడ్డ వాహకంగా పుట్టే అవకాశం 50 శాతం. వాహకులు సాధారణంగా ఆరోగ్యంగానే జీవిస్తారు. ఈ విషయాన్ని దృష్టిలో ఉంచుకొని ప్రస్తుత కార్యక్రమాన్ని పరిశీలిద్దాం.

మన దేశంలో ఈ లక్షణాన్ని 1952లోనే నీలగిరి గిరిజనుల్లో గుర్తించారు. జాతీయ స్థాయి మిషన్ మాత్రం 2023 జూలై 1న మొదలైంది. 40 ఏళ్లలోపు 7 కోట్ల మందికి పరీక్షలు చేయడం, 2047 నాటికి వ్యాధిని నిర్మూలించడం దాని లక్ష్యాలు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఏజెన్సీ ప్రాంతాలకూ ఇది వర్తిస్తుంది. ఆలస్యమైనా ఈ ప్రయత్నం మెచ్చుకోదగినదే.

అయితే ‘నిర్మూలన’ అనే మాటను జాగ్రత్తగా చూడాలి. మశూచిని టీకాతో తుడిచిపెట్టినట్లు జన్యువును తుడిచిపెట్టలేం. పరీక్ష వల్ల వాహకులెవరో తెలుస్తుంది, అంతే. ఆ తరువాత నిర్ణయాలన్నీ పెళ్లి, గర్భం చుట్టూనే ఉంటాయి. పరీక్ష ఫలితం తెలిపే కార్డు పెళ్లిచూపుల్లో జాతకం స్థానంలోకి వస్తే, నష్టపోయేది ఎక్కువగా ఆడపిల్లే. నిజానికి వాహకురాలి భర్తకు హిమోగ్లోబిన్ లోపాలేవీ లేకపోతే బిడ్డకు ఈ వ్యాధి రాదు. ఆ సంగతి వివరించేవారు లేకుండా కార్డు మాత్రమే చేతికిస్తే మిగిలేది భయమే.

ఇతర దేశాల అనుభవం కూడా ఇదే చెబుతుంది. అమెరికాలో 1970ల ఆరంభంలో కొన్ని రాష్ట్రాలు నల్లజాతి వారికి ఈ పరీక్షను తప్పనిసరి చేశాయి. వాహకులను రోగులుగా పొరబడి ఉద్యోగాల్లో, బీమాలో వివక్ష చూపారు. సైప్రస్‌లో తలసీమియా విషయంలో చర్చి 1983 నుంచి పెళ్లికి ముందు ధ్రువపత్రం అడిగింది. కానీ పరీక్ష, సలహా పూర్తయ్యాయని మాత్రమే అందులో ఉంటుంది, ఫలితం ఉండదు. వాహక జంటల్లో ఎక్కువమంది పెళ్లి మానుకోలేదు. గర్భస్థ పరీక్ష అందుబాటులో ఉండటంతో వ్యాధితో పుట్టే పిల్లల సంఖ్య దాదాపు సున్నాకు చేరింది.

మన చట్టమూ ఇందుకు అడ్డు కాదు. లింగ నిర్ధారణను నిషేధించిన 1994 చట్టమే హిమోగ్లోబిన్ వ్యాధుల గర్భస్థ పరీక్షను అనుమతిస్తుంది. కోరియానిక్ విల్లస్ పరీక్షను గర్భం 10 వారాలు దాటాక చేయవచ్చు. కానీ ఆ సౌకర్యం నగరాల్లో ఉంటే, కొండ మీది గూడెంలోని గర్భిణికి ఆ హక్కు కాగితం మీదే మిగులుతుంది.

మరో వైరుధ్యాన్నీ గమనించండి. 2016 వికలాంగుల హక్కుల చట్టం సికిల్‌సెల్ వ్యాధిని వైకల్యంగా గుర్తించింది. కాబట్టి పుట్టకుండా ఆపిన వారి లెక్కతో పాటు, ఇప్పటికే వ్యాధితో జీవిస్తున్నవారికి హైడ్రాక్సీయూరియా, అవసరమైనప్పుడు రక్తం అందుతున్నాయా అన్నదీ మిషన్ విజయానికి కొలమానం కావాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: పరీక్ష ఫలితాన్ని కార్డుపై ముద్రించడం, సైప్రస్ ధ్రువపత్రం, ఈ రెండు పద్ధతుల్లో వ్యక్తి గోప్యతను ఏది కాపాడుతుంది? కారణాలతో చర్చించండి.