'అడవి' అక్షరాలు: గిరిజన శైలి ముద్రాక్షరాలపై ఒక పరిశీలన

అడవి నేపథ్యంగా వెలువడే తెలుగు పుస్తకాల ముఖచిత్రాలలోను, ఉత్సవాల ప్రచారపత్రాలలోను ఒక అక్షరశైలి స్థిరపడుతున్నది. అంచులు చిట్లి, కర్రముక్కలు పేర్చినట్లుండే ఈ అక్షరాలకు 'గిరిజన శైలి' అన్న పేరు కూడా వాడుకలో ఉన్నది. ఏ గిరిజనుల శైలి అని ప్రశ్నిస్తే సమాధానం దొరకదు. కారేపల్లి మొదలు భద్రాచలం దాకా ఉన్న కోయలు తమ భాషను రాయవలసి వచ్చినప్పుడు ఎక్కువగా ఆశ్రయిస్తున్నది తెలుగు లిపినే. ఆ రాతలో చిట్లిన అంచులు లేవు.

ఈ ధోరణికి సమీపమైన పోలిక ఆఫ్రికా విషయంలో కనిపిస్తుంది. 1923లో జర్మనీలో రుడాల్ఫ్ కోఖ్ రూపొందించిన నాయ్‌లాండ్ అక్షరాలకు గాని, ప్రాచీన గ్రీకు శిలాశాసనాల ఆధారంగా 1989లో కరోల్ ట్వాంబ్లీ రూపొందించిన లిథోస్‌కు గాని ఆఫ్రికాతో పుట్టుసంబంధం లేదు. అయినా అవి 'ఆఫ్రికా' గుర్తులైనాయి. పందొమ్మిదో శతాబ్దంలో లైబీరియాలో పుట్టిన వాయి లిపి, 1949లో సులేమానా కాంటే కల్పించిన ఎన్‌కో లిపి ఆ రూపకర్తల దృష్టికి రాలేదు. మొరటు గీత 'ఆదిమత'కు పర్యాయమైంది. అక్షరం లేని జాతి అన్న అపోహ అక్షరరూపంలోనే నిలిచిపోయింది. మన 'గిరిజన శైలి' చేస్తున్న పని కూడా ఇదే.

దీనికి విరుగుడుగా గుంజాల గోండి లిపిని ఎత్తి వాడుకోవచ్చునన్న ఆలోచన కలుగవచ్చు. ఆదిలాబాదు ప్రాంతపు గుంజాల గ్రామంలో రాతప్రతులు దొరికిన ఈ లిపికి 2018లో యూనికోడ్‌లో స్థానం లభించింది. కాని అది గోండులది. కోయ, గోండి సోదరభాషలైనంత మాత్రాన ఖమ్మం కోయల పుస్తకంపై ఆ అక్షరాలను అలంకారంగా అద్దడం, వాయి లిపిని ఇథియోపియాకు అంటగట్టడం వంటిదే. చదవడానికి గాక చూడడానికి మాత్రమే వాడిన లిపి నగగా మిగులుతుంది.

కోయల పడిగెల విషయం మరింత సున్నితమైనది. వేల్పుల కథలను బొమ్మలుగా మోసే ఆ గుడ్డపటాలను డోలీలు గానం చేస్తూ వివరిస్తారు. అక్కడ బొమ్మకు పాఠం ఉన్నది, పాఠకుడున్నాడు. అందులోంచి ఒక ఆకృతిని తెంచి శీర్షికాక్షరానికి తగిలించేవారు ఆ గోత్రపు పెద్దలను అడగడం, వారి పేరు ముద్రించడం, వారు వద్దంటే మానుకోవడం కనీస ధర్మం. రూపకర్త స్వేచ్ఛకు ఇది భంగమని వాదించేవారున్నారు. ఎవరి ఆస్తిపై ఆ స్వేచ్ఛ అన్నది వారు చెప్పరు.

గిడుగు రామమూర్తి సవర భాషకు పుస్తకాలు సిద్ధం చేసినప్పుడు తెలుగు లిపిని వాడారు. సవరలోని కాకల్య స్పర్శధ్వనికి తెలుగులో అక్షరం లేదు. అటువంటి చోట లిపి ఆ భాషకు అనుగుణంగా మారక తప్పదు. కోయ ఉచ్చారణకు తెలుగు ముద్రాక్షరాలు ఎక్కడ చాలుతున్నవో, ఎక్కడ చాలడం లేదో కోయ ఉపాధ్యాయులతో కూర్చొని తేల్చవలసిన పని మన శాఖల ముందు ఉన్నది. ముఖచిత్రం సంగతి ఆ తరువాతిది.