హోసూరు ఇంట్లో 'మీనా'

యద్దనపూడి సులోచనారాణి నవలల్లో ముందు ఏది చదవాల అని అడిగితే అందరూ 'సెక్రటరీ' పేరే చెప్తారు. నేను మాత్రం 'మీనా' అంటాను, ముఖ్యంగా మన హోసూరు పక్క పెరిగినోళ్ళకు.

'సెక్రటరీ' తక్కువదని కాదు. జయంతి జీతం కోసం పనికి పోయే పిల్ల, రాజశేఖరం డబ్బున్నోడు. ఆ పిల్ల ఆత్మాభిమానమే కథను నడిపిస్తుంది. 1976లో అక్కినేని, వాణిశ్రీలతో సినిమాగా కూడా వచ్చింది. అయితే మా అక్క దాన్ని పైకి చదువుతా ఉంటే మా అవ్వ ఊరికే అడ్డం తగిలేది. "వాళ్ళిద్దురూ యాల అట్ల మీరు మీరు అనుకుంటారు? కోపమా?" అని. అవ్వ మా తాతను ఎప్పుడూ 'నువ్వు' అనే అనింది. మాకు 'మీరు' అంటే బయటోళ్ళతో మాట. బ్యాంకు కౌంటరు దగ్గర నేను వాడింది అదే.

కానీ ఆ నవలల వల్లే 'మీరు' మా ఇంటికి ప్రేమమాటగా వచ్చింది. అక్క పెండ్లయినాక బావకు రాసిన జాబుల్లో అంతా 'మీరు', ఎదురుగా ఉంటే 'నువ్వు'. జాబులు డబ్బాలో వేసేది నేనే. చదివినాను, తప్పే.

'మీనా'లో పట్నంలో తల్లి పెత్తనం కింద పెరిగిన పిల్ల చుట్టాల పల్లెకు పోతుంది. ప్రేమ అక్కడ పనిపాటల మధ్య, చుట్టరికం మధ్య పుడుతుంది. అందుకే మా ఆడోళ్ళు ఆ కథలోకి బిన్నా దూరిపోయిరి. 2016లో వచ్చిన 'అ ఆ' సినిమాకు మూలం ఇదే. లోపం కూడా చెప్పాల. రచయిత్రి పుట్టింది కృష్ణా జిల్లా కాజలో. పల్లె అయినా, పట్నం అయినా పుస్తకంలో మాట ఆ పక్కదే. సరిహద్దు తెలుగులో కథ నడుస్తుందని స.వెం.రమేశ్ 'ప్రళయకావేరి కథలు' పులికాటు మాటతో చూపించినాయి. అట్లాంటి మాటలో ఒక ప్రేమ నవల నా చేతికి ఇంతవరకూ రాలేదు.

మా కోడలు తమిళ బడిలో చదివింది. రమణిచంద్రన్ నవలలు తమిళంలో గబగబా చదివేస్తుంది, తెలుగు అక్షరాలు రావు. 2006 చట్టంతో తమిళం తప్పనిసరి అయినాక ఇట్లాంటి పిల్లలు ప్రతి ఇంట్లో ఉండారు. ఆమెకు 'మీనా' చదివి వినిపిస్తే "ఇది సినిమా మాట మామా" అనింది. అప్పటినుంచి మన మాటలోకి తిప్పి చదువుతా ఉండాను. 'వచ్చావా'ను 'వస్తివా' అని, 'ఎందుకు'ను 'యాల' అని, 'చాలా'ను 'శానా' అని. నవ్వింది, మళ్ళా చదవమనింది.

చిక్కంతా 'ప్రేమిస్తున్నాను' దగ్గర. దాన్ని ఎట్ల తిప్పేది? 'నీ మింద మనసయ్యింది' అంటే పాటలాగ ఉంటుంది. 'నువ్వంటే ఇష్టం' అంటే దోసె గురించి కూడా అంటాము. తాత మంచం పట్టినప్పుడు అవ్వ గంటకోసారి "కూడు తింటివా" అని అడిగేది, అంతకుమించి ఆమె నోట ఏమీ వినలేదు. చివరికి ఆ ఒక్క మాట పుస్తకంలో ఉన్నట్టే చదివేసినాను. కోడలు ఏమీ అనలేదు.

పెద్ద నవల. రాత్రి కూడు తిన్నాక రోజుకు పది పేజీలు. సగం దగ్గర ఉండాము.