నార్సు పలుకులు - జోసెఫ్ రైట్ నిఘంటువు

క్రీ.శ. 866లో డేనులు యార్కు నగరమును పట్టుకొనిరి. వారి నార్సు భాష అచ్చట అంతరించినను కొన్ని మాటలు ఉత్తర ఇంగ్లండు పల్లెలలో నిలిచినవి. వాగు ‘బెక్’, ఆడుట ‘లేక్’ అట్టివే. బాల్యమున మిల్లులో కూలిచేసిన జోసెఫ్ రైట్, 1898-1905 నడుమ ఆరు సంపుటములుగా వెలువరించిన మాండలిక నిఘంటువున ఇట్టి పదములను ప్రాంతముతో, ప్రయోగముతో సహా చూపెను. దాని ఘనత ఇదియే. అయినను పదమును భద్రపరచుట వేరు, వాడుకలో నిలుపుట వేరు. వాగుల పేళ్లలో ‘బెక్’ పదిలముగా నున్నది. పిల్లల నోట ‘లేక్’ అరుదైనది. ఊరిపేరును పటము కాపాడును. క్రియాపదమును కాపాడవలసినది నోరే.

మనకును 1962లో భద్రిరాజు కృష్ణమూర్తిగారి వ్యవసాయ పదకోశము లభించినది. అట్టి సేకరణ ప్రవాసాంధ్రుల పలుకుబడులకును అవసరము. కాని మన బిడ్డలు ఆ మాటలతో ఆడుకొనకున్న, ఎంతటి కోశమైనను జ్ఞాపకచిహ్నముగనే మిగులును.