ఆకు సొంత నీరు

మూలికల సారం అమ్మే సీసాల మీద 'ద్రావకం వాడలేదు' అన్న మాట ఈమధ్య పెద్ద అక్షరాల్లో కనిపిస్తోంది. దాని వెనక హెక్సేన్ అనే రసాయన ద్రావకం మీది భయం ఉంది. అది ఉత్త భయం కాదు. మందుల్లో హెక్సేన్ మిగులుకు అంతర్జాతీయ మార్గదర్శకాలు పెట్టిన హద్దు 290 పీపీఎం, ఇథనాల్‌కైతే 5000. కాని ఆ మాటను నమ్మేముందు ఒకటి అడగాలి: నీళ్లు ద్రావకం కాదా, నూనె కాదా? ఆ లెక్కన కషాయం కాచే ప్రతి ఇంట్లోనూ ద్రావకం ఉన్నట్టే.

ఏమీ కలపకుండా సారం తీసే పద్ధతి మన వైద్యంలో స్వరసం. పచ్చి ఆకు నూరి, గుడ్డలో వేసి పిండడం. మోసుకొచ్చేది ఆకు సొంత నీరే. 2004లో రీయూనియన్ దీవి పరిశోధకులు లుచ్చేసి, షెమాట్, స్మాజా ప్రచురించిన ప్రయోగానికి కూడా ఆ నీరే ఆధారం. సబ్జా జాతి మొక్క, పుదీనా, థైమ్ పచ్చి ఆకుల్ని చుక్క నీరు పోయకుండా మైక్రోవేవ్‌లో వేడిచేశారు. లోపలి తేమ ఉడికి ఉబ్బి తైలపు గదుల్ని పగలగొట్టింది, ఆవిరై తైలాన్ని వెంటబెట్టుకొచ్చింది. నీళ్లలో వేసి బట్టీ పెడితే నాలుగున్నర గంటలు పట్టే పని అరగంటలో తెమిలింది. సువాసన తైలాల విషయంలో ద్రావకం అక్కర్లేదన్న వాదనకు నేను ఒప్పుకునేది ఇందుకే.

పసుపు దగ్గరకొచ్చేసరికి ఆ వాదన చెల్లదు. అందులోని ముఖ్య పదార్థం కుర్కుమిన్ నీటికి లొంగదు, కొమ్ములో ఎంత తేమ ఉన్నా సరే. అందుకే పరిశ్రమ ఎసిటోన్, ఇథైల్ ఎసిటేట్‌ల వైపు పోతుంది. మరి పెద్దలు పసుపు వాడలేదా అంటారు. వాడారు, నూనెలోనో నెయ్యిలోనో వేసి. తైలానికి ముద్ద ఒక పాలు, నూనె నాలుగు, ద్రవం పదహారు అన్న పాత కొలత ద్రావకాన్ని ఎరిగినవాళ్లు పెట్టిందే. ఒత్తిడి పెట్టిన కార్బన్ డయాక్సైడ్ ఉందిగా అనేవారూ ఉన్నారు. 31 డిగ్రీలు, 74 బార్లు దాటితే అది ద్రవంలా కరిగిస్తుంది, ఒత్తిడి తీస్తే ఆనవాలు లేకుండా పోతుంది. మంచిదే. అయినా అదీ ద్రావకమే. పసుపులోంచి అది బాగా లాగేది తైలాన్ని, కుర్కుమిన్‌ను కాదు.

చైనాలో మలేరియాకు మందు వెతికిన శాస్త్రవేత్త తు యూయూ కథ ఇంకా సూటిగా ఉంటుంది. నాలుగో శతాబ్దపు వైద్యుడు గే హాంగ్ మాచిపత్రి జాతి మూలికను నీళ్లలో నానబెట్టి పిండి తాగమన్నాడు, కాచమనలేదు. వేడే మందును చెడగొడుతోందని ఆమె అక్కడ పట్టుకుంది. కాని నీళ్ల దగ్గర ఆగలేదు, దాదాపు 35 డిగ్రీలకే మరిగే ఈథర్‌ను ఎంచుకుంది. 1971 అక్టోబరులో 191వ నమూనా ఎలుకల మలేరియాను నూటికి నూరుపాళ్లు అణచింది. ఈథర్ ఎగిరిపోయింది, మందు మిగిలింది.